లీకు కనిపిస్తే కబురు ఎవరికి?

భూమిలో పాతిన సహజవాయువు గొట్టం ఎక్కడ కారుతోందో ఆకాశం నుంచి కనిపెట్టొచ్చా? కనిపెట్టినంత మాత్రాన ప్రాణాలు దక్కుతాయా? ఈ రెండింటి మీదా ఇద్దరు తెలిసినవాళ్లు గట్టిగా వాదించుకుంటే వినాలని నాకు చాలాకాలంగా ఉంది. అందుకే ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఒకాయన కోనసీమలో గ్యాసు లైను వెంబడి నడిచి కాపలా కాసిన మనిషి, ఇప్పుడు శంషాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. రెండో మనిషి ఆయన తమ్ముడి కూతురు. డ్రోన్‌కి లేజర్ కట్టి మీథేన్ వెతికే ఉద్యోగం ఆమెది. మనుషులు కల్పితం, వాళ్లు చెప్పుకునే ఘటనలు, లెక్కలు మాత్రం నిజం.

పెదనాన్న: ముందు ఒకటి చెప్పమ్మా. లైను మీద మీటరుకి తగ్గకుండా మట్టి కప్పుతారు. ఆ మట్టి మీద వరిచేను. నీ డ్రోను పైనుంచి వెళ్తా ఉంటే దానికేం కనపడుద్ది?

అమ్మాయి: గొట్టం కనపడదు పెదనాన్నా. గొట్టంలోంచి బయటపడి పైకి లేచిన మీథేన్ కనపడుతుంది. మా లేజర్ 1,650 నానోమీటర్ల దగ్గర పనిచేస్తుంది. మన కంటికి ఆనని పరారుణ కాంతి అది. ఆ చోట ఒక సన్నటి గీత మేర కాంతిని మీథేన్ మింగేస్తుంది, పక్కనున్న కాంతిని ముట్టుకోదు. మేం లేజర్‌ని ఆ గీతకి అటూ ఇటూ సెకనుకి వేలసార్లు జరుపుతూ నేల మీదికి కొడతాం. నేలకి తగిలి వెనక్కొచ్చిన వెలుతురులో ఆ ఒక్క గీత దగ్గరే లోటు పడిందంటే దారిలో మీథేన్ ఉన్నట్టు. మామూలు గాలిలో కూడా పది లక్షల పాళ్లకి దాదాపు రెండు పాళ్ల మీథేన్ ఉంటుంది కాబట్టి దాన్ని తీసేసి, మిగిలిన లోటు చూస్తాం.

పెదనాన్న: వెలుతురు వెనక్కొస్తేనే కదా ఇదంతా. నాట్లేసిన మడిలో జానెడు నీళ్లుంటాయి. అక్కడేం తిరిగొస్తది?

అమ్మాయి: తక్కువే వస్తుంది. నీరు ఆ కాంతిని కొంత మింగుతుంది, మిగిలినదాన్ని వేరే దిక్కుకి మళ్లించేస్తుంది. ఇక్కడ శంషాబాద్ ఎర్రనేల మీద, బండల మీద వచ్చినంత సిగ్నల్ మీ లంకల్లో రాదు. కొబ్బరితోట మీదైతే మట్టల దగ్గరే ఆగిపోయి తిరిగొచ్చే కాంతి కొంత ఉంటుంది. అందుకే ఎత్తు తగ్గిస్తాం, అదే దారిలో మళ్లీ మళ్లీ ఎగురుతాం, గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని పక్కనుంచి వస్తాం.

పెదనాన్న: ఇంకోటి. మడిలో బురద కుళ్లితే వచ్చేదీ మీథేనేగా? చెరువులోంచి వస్తది, చెత్తకుప్పలోంచి వస్తది. కోనసీమంతా మడే. నీ యంత్రం ప్రతి చేను దగ్గరా లీకనే అంటది.

అమ్మాయి: అనగలదు. అక్కడ ఈథేన్ పనికొస్తుంది. బురదలో పుట్టే మీథేన్‌తో ఈథేన్ రాదు. భూమి అడుగునుంచి తీసిన గ్యాసులో సాధారణంగా కొంత ఈథేన్ కలిసే ఉంటుంది. రెండూ ఒకేచోట కనిపిస్తే అది గొట్టంలోంచి వచ్చిందే. కాకపోతే ఈథేన్‌ని పట్టడానికి మరో తరంగదైర్ఘ్యంలో పనిచేసే పరికరం కావాలి. ప్రతి డ్రోన్‌కీ అది ఉండదు.

పెదనాన్న: మాకు ఈథేన్ తెలీదు, బుడగ తెలుసు. మడిలో బురద బుడగ ఒకటి లేస్తది, ఆగుద్ది, ఇంకోచోట లేస్తది. లైను కారితే ఒక్కచోటునించే సన్నగా, ఆగకుండా దారంలా వస్తా ఉంటది. దాని చుట్టూ వరి ముందు పసుపు తిరిగి తర్వాత మాడుద్ది, వేళ్లకి గాలి అందక. పొద్దున్నే గాలి పడిపోయినప్పుడు గట్టు మీద నిలబడితే సుయ్‌మని చప్పుడు కూడా వినపడుద్ది. ఇవన్నీ కాళ్లకి మట్టి అంటినవాడికే తెలుస్తాయి తల్లీ.

అమ్మాయి: వాసన చెప్పలేదేం?

పెదనాన్న: చెప్పలేదంటే... వాసన ఉంటేగా చెప్పడానికి! మన ఇళ్లకొచ్చే గ్యాసులో మెర్కాప్టాన్ కలుపుతారు, అందుకని కంపు కొడుద్ది. పెద్ద లైన్లలో వెళ్లేదాన్లో కలపరు. గ్యాసుతోపాటు వచ్చే కండెన్సేట్ అనే ద్రవం కారితే మాత్రం పెట్రోలు వాసనేస్తది.

అమ్మాయి: అదే నేననేది. పెద్ద లైన్ల దగ్గర ముక్కు పనిచెయ్యదు. కన్ను పనిచెయ్యాలంటే వరి మాడేదాకా ఆగాలి. నడిచే మనిషి రోజుకి కొన్ని కిలోమీటర్లే నడవగలడు. కాకినాడ నుంచి తెలంగాణ మీదుగా గుజరాత్‌లో భరూచ్ దాకా వెళ్లే ఈస్ట్-వెస్ట్ పైపులైను చూడండి. 48 అంగుళాల గొట్టం, దాదాపు 1,400 కిలోమీటర్లు, 2009 నుంచి గ్యాసు పారుతోంది. అడుగడుగూ కాళ్లతో చూడాలంటే ఎలా కుదురుతుంది? పైనుంచి వెతకడం నిన్నమొన్నటి సంగతి కూడా కాదు. కాలిఫోర్నియాలో యూనియన్ ఆయిల్ వాళ్లు 1930ల్లోనే టర్కీ వల్చర్ అనే రాబందుల్ని చూసి లీకులు పట్టుకున్నారు. గ్యాసులో ఇథైల్ మెర్కాప్టాన్ కలిపితే అది కుళ్లిన మాంసం వాసన అనుకుని ఆ పక్షులు లీకున్న చోట గుమిగూడేవి. కెన్నెత్ స్టేగర్ అనే పక్షిశాస్త్రవేత్త ఆ పక్షుల ఘ్రాణశక్తి మీద 1964లో ప్రచురించిన పరిశోధనలో ఈ సంగతి రాశాడు.

పెదనాన్న: మన రాబందులు వాసనతో కాదమ్మా, కంటితో వెతుకుతాయి. ఆ కంటిక్కూడా ఇప్పుడు కరువొచ్చింది, పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందుతో అవీ పోయాయి.

ఇంతవరకూ అమ్మాయిదే పైచేయి అనిపిస్తుంది నాకు. 1,400 కిలోమీటర్ల ముందు మనిషి కాళ్ల గురించి గొప్పగా చెప్పడం కష్టం. కానీ పెద్దాయన కోనసీమ మనిషి. ఆయన నోటినుంచి నగరం అనే ఊరి పేరు రావలసిందే, వచ్చింది.

పెదనాన్న: 2014 జూన్ 27. శుక్రవారం. తెల్లవారుజామున అయిదున్నర దాటినట్టుంది. మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ వాళ్ల 18 అంగుళాల లైను. తాటిపాక నుంచి కొండపల్లి లాంకో కరెంటు ప్లాంటుకి వెళ్లే లైను అది. రాత్రంతా కారిన గ్యాసు నేలబారున పరుచుకుని ఉంది. టీకొట్టు పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పట్లో చెప్పుకున్నారు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోయారు. ఇరవై మందికి పైగా చచ్చిపోయారు తల్లీ. కొబ్బరిచెట్లు మొదలునించి మొవ్వుదాకా మాడి నల్లగా నిలబడ్డాయి. నేను పనిచేసింది ఆ లైను మీద కాదు. అయినా ఆ రోజునించీ లైను మీద అడుగేస్తే నా కాలు వణికేది.

అమ్మాయి: నాకు తెలుసు పెదనాన్నా. ఈ పనిలోకి రావడానికి అదీ ఒక కారణమే. అక్కడ వారానికొకసారి లేజర్ తిరిగి ఉంటే...

పెదనాన్న: తిరిగుంటే ఏవయ్యేది? అదే అడుగుతున్నా. వాసనొస్తందని ఊళ్లోవాళ్లు ముందే మొత్తుకున్నారని పేపర్లో రాశారు. కండెన్సేట్ వాసన వాళ్ల ముక్కుకి తగిలింది. మరి తర్వాత విచారణలో ఏం తేలింది? పొడిగ్యాసు కోసం వేసిన గొట్టంలో తడిగ్యాసు పంపారని. గ్యాసులో నీళ్లు, కండెన్సేట్, వాటితోపాటు కార్బన్ డయాక్సైడు. ఇవన్నీ కలిసి గొట్టం అడుగుభాగాన్ని లోపలినించే తినేశాయి. గ్యాసుని ఆరబెట్టే యూనిట్ పెట్టుంటే గొట్టం నిలిచేది. ఇందులో ఏది ఆకాశం నించి కనపడేదో చెప్పు. ఏది ఊళ్లోవాళ్లకి తెలీనిదో చెప్పు. లోపం చూపులో లేదు, విన్నాక లేవకపోవడంలో ఉంది.

అమ్మాయి: లోపల తుప్పు పట్టిందని డ్రోన్ చెప్పలేదు, ఒప్పుకుంటాను. దానికి గొట్టంలోకి తెలివైన పిగ్ అనే కొలత యంత్రాన్ని పంపి మందం కొలవాలి. కానీ మీరన్న రెండో మాట దగ్గరే నా వాదన మొదలవుతుంది. ఊరివాళ్లు వాసనొస్తోందన్నారు. ఆ మాట ఎవరి రిజిస్టర్‌లో ఎక్కింది? ఎంత గ్యాసు, ఏ చోట, ఏ గంటకి అని ఎవరు చెప్పగలిగారు? వాసనొస్తోంది అంటే అవతలివాడు రాలేదనొచ్చు. అక్షాంశం, రేఖాంశం, టైము, గాలివేగం, మీథేన్ లెక్క, కింద ఫోటో... ఇన్ని ఉన్న కాగితాన్ని లేదనడం అంత సులువు కాదు. గాలిలోంచి తీసిన కొలత పేదవాడి ఫిర్యాదుకి సాక్ష్యం అవుతుంది.

పెదనాన్న: ఆ కాగితం ఎవరి చేతిలో ఉంటది? నీ డ్రోన్‌కి డబ్బులిచ్చేది ఎవరు? గొట్టం ఎవరిదో వాళ్లే కదా! అప్పుడు సాక్ష్యం కూడా వాళ్ల బీరువాలోనే.

ఇది అసలు ప్రశ్న. నా మటుకు నేను ఇక్కడ పెద్దాయన పక్షం. కొలిచే విద్య ఎంత పెరిగినా, కొలత ఎవరికి చెందుతుందన్నది తేలకపోతే నగరం లాంటి ఊళ్లకి దానివల్ల ఒరిగేది తక్కువ. అమ్మాయి దగ్గర దీనికి జవాబు ఉంది, అది మంచి జవాబే.

అమ్మాయి: గొట్టం వాళ్లకే రిపోర్టు చెయ్యాలన్న రూలేం లేదు. 2015 అక్టోబరులో లాస్ ఏంజెలెస్ పక్కన అలిసో క్యాన్యన్‌లో భూగర్భ గ్యాసు నిల్వ బావి పగిలింది. కింద ఇళ్లలో జనానికి తలనొప్పులు, వాంతులు. ఎంత గ్యాసు పోతోందో బయట ఎవరికీ లెక్క లేదు. స్టీఫెన్ కాన్లీ అనే శాస్త్రవేత్త చిన్న విమానంలో పరికరాలు పెట్టుకుని, రాష్ట్ర ఇంధన కమిషన్ పని మీద ఆ పొగలేని మేఘంలోకి అడ్డంగా మళ్లీ మళ్లీ ఎగిరాడు. గంటకి 50 టన్నుల పైచిలుకు దాకా మీథేన్ పోతోందని తేలింది. ఫిబ్రవరిలో బావి మూసేటప్పటికి మొత్తం 97,000 టన్నులు. ఆ లెక్క కంపెనీ బీరువాలోకి కాదు, సైన్స్ పత్రికలోకి వెళ్లింది. ప్రభుత్వం తరఫున ఎగిరారు కాబట్టే అది జరిగింది.

పెదనాన్న: అదైతే బాగుంది. మన దగ్గర అలా ఎగరమని ఎవరన్నా అడిగారా?

అమ్మాయి: లీకు వెతకడానికి అలా ఎగిరినట్టు నేను చెప్పలేను. కానీ పైనుంచి చూడటం మన దగ్గర లేదనకండి. గెయిల్ వాళ్లూ ఇస్రో వాళ్లూ కలిసి భువన్-గెయిల్ పోర్టల్ పెట్టారు. లైను మీద ఎవరన్నా కట్టడాలు లేపుతున్నారా, తవ్వుతున్నారా అని ఉపగ్రహ చిత్రాల్లో చూస్తారు. ఆ చిత్రాలు దిగేది ఎక్కడనుకున్నారు? ఇదే బెంగుళూరు హైవే మీద ఇంకాస్త ముందుకెళ్తే షాద్‌నగర్‌లో, ఇస్రో వాళ్ల ఎన్‌ఆర్‌ఎస్‌సీ స్టేషన్‌లో. 1962 పైపులైన్ల చట్టం ప్రకారం లైను కింద భూమి రైతుదే. కానీ దాని మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. ఆ కట్టడి తప్పుతోందా అన్నది పైనుంచి ఇట్టే తెలుస్తుంది.

పెదనాన్న: ఉపగ్రహం మీథేన్ కూడా చూస్తదంటగా? మరి నీ డ్రోను ఎందుకు?

అమ్మాయి: చూస్తుంది, పెద్ద లీకుల్నే. యూరప్ వాళ్ల సెంటినెల్-5పీ ప్రపంచమంతా రోజూ చూస్తుంది, కానీ దాని కంట పడాలంటే గంటకి టన్నుల్లో పోవాలి. కెనడా వాళ్ల జీహెచ్‌జీశాట్ లాంటివి గంటకి వంద కిలోల దాకా పట్టగలవు. నాసా వాళ్లు 2022లో అంతరిక్ష కేంద్రానికి బిగించిన ఎమిట్ పరికరం అసలు ఎడారి దుమ్ము చూడటానికి వెళ్లింది, మీథేన్ కూడా చూపించింది. మీథేన్‌శాట్ అని 2024లో ఒకటి ఎగరేశారు, ఏడాది పైన పనిచేసి 2025లో మాట్లాడటం మానేసింది.

పెదనాన్న: గంటకి వంద కిలోలు! నగరం టీకొట్టు దగ్గర ఎంత గ్యాసు చాలేదో తెలుసా నీకు? గాలిలో నూటికి అయిదు పాళ్లు గ్యాసు చేరితే నిప్పుకి అందుద్ది. పదిహేను దాటితే అందదు. ఊరి బయట బీడులో పెద్ద లీకు పైకి లేచి గాల్లో కలిసిపోద్ది, దానివల్ల ప్రాణం పోదు. ఇంటి గోడ పక్కన చిన్న లీకు గదిలోకి చేరితే చాలు. నీ ఉపగ్రహం భూమి వేడి లెక్క రాసుకుంటది. నా ఊరివాడి ప్రాణం ఆ లెక్కలో లేదు.

అమ్మాయి: భూమి వేడి లెక్క కూడా మీ ఊరివాడిదే పెదనాన్నా. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడు కంటే మీథేన్ ఎనభై రెట్ల దాకా వేడి పట్టి ఉంచుతుంది. సముద్రం పొంగితే ముందు మునిగేది కోనసీమే. కానీ మీరన్నది నిజం, వాతావరణాన్ని చెరిపే లీకూ మనిషిని చంపే లీకూ ఒకటే సైజులో ఉండవు. చిన్నవాటికోసమే తక్కువ ఎత్తులో ఎగరాలంటున్నాను. జర్మనీలో పెద్ద లైన్ల మీద హెలికాప్టర్లు తిరగడం మామూలే, వాటిల్లో కొన్నిటికి లేజర్ కట్టి లీకు వెతుకుతారు. ఇక్కడ ఆ పని డ్రోన్‌తో తక్కువ ఖర్చులో అవుతుంది.

పెదనాన్న: ఇక్కడా? ఈ శంషాబాద్‌లోనా? పైన విమానాలు చూడు, ఒకటి వెళ్లేలోగా ఇంకోటి దిగుతంది.

అమ్మాయి: ఇక్కడైతే చేతులు కట్టేసినట్టే. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం ఎయిర్‌పోర్టు ప్రహరీ నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపల నేల మీంచి లేవాలన్నా అనుమతి కావాలి. ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య అనుమతి లేకుండా 200 అడుగుల పైకి వెళ్లకూడదు. శంషాబాద్ ఊరు మొత్తం ఆ మొదటి వలయంలోనే ఉంది. పైగా కంటిచూపు దాటి ఎగరేయాలంటే వేరే అనుమతి. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు పంపినప్పుడు ఆ అనుమతితోనే పంపారు. పొడుగాటి లైను మీద పని జరగాలంటే అది మామూలు వ్యవహారం కావాలి.

పెదనాన్న: ఎయిర్‌పోర్టు 2008లో వచ్చింది. దాని చుట్టూ ఎన్ని వెంచర్లు, ఎన్ని రోడ్లు! ఎక్కడ చూసినా జేసీబీ. ఊరి గ్యాసు పసుప్పచ్చ గొట్టంలో వస్తది, ఇనుం కూడా కాదు, ప్లాస్టిక్కు. జేసీబీ పన్ను తగిలితే క్షణంలో చీలుద్ది. నీ డ్రోను వారానికోసారి వస్తది, జేసీబీ రోజూ వస్తది. ఇక్కడ లీకుని ఆపేది పొద్దున్నే వీధి తిరిగి, మేస్త్రీ భుజం పట్టుకుని ‘బాబూ, కింద గ్యాసుంది, తవ్వకు’ అనే మనిషే.

అమ్మాయి: వీధుల్లో సరే. కారుకి సెన్సర్ కట్టి తిరిగే బండ్లు కూడా ఉన్నాయి, వాటితో పాటు మనిషీ ఉండాలి. ఇక్కడ డ్రోన్ పనికిరాదంటే ఒప్పుకుంటాను. ఊళ్ల మధ్య పొలాల్లో, అడవుల్లో వెళ్లే పెద్ద లైన్ల మాట వేరు. అక్కడ మనిషి ఒక్కడి మీద భారం పెట్టడం అన్యాయం. ఎండలో నడిచి, పాములు తొక్కి, రాత్రిపూట టార్చి పట్టుకుని తిరిగిన మనిషికి లీకు కనపడకపోతే, ఆ తప్పు అతని నెత్తిన వేస్తారు. మీకు తెలీనిదా?

పెదనాన్న: తెలుసు. అందుకే భయం. డ్రోన్ వచ్చిందనగానే మొదట తీసేది ఆ నడిచేవాణ్నే. వాడు కాంట్రాక్టు మనిషి, తీసెయ్యడం తేలిక. రేపు నీ యంత్రం బురద మీథేన్ చూసి లీకంటే, వెళ్లి బుడగ చూసి కాదని చెప్పేవాడు ఉండడు. నిజంగా లీకైతే వాల్వు స్టేషనుకి పరిగెత్తేవాడూ ఉండడు.

అమ్మాయి: తీసెయ్యకూడదు. యంత్రం అనుమానించిన చోటికి ఆ మనిషి వెళ్లాలి. ఇప్పుడైతే ముప్ఫై కిలోమీటర్లు గుడ్డిగా నడుస్తాడు, అప్పుడు నాలుగు చోట్ల ఆగి గట్టిగా చూస్తాడు.

పెదనాన్న: అది నీ మనసులో ఉంది. టెండరు కాగితంలో ఉందా?

అమ్మాయి: లేదు.

పెదనాన్న: ఇంకోటి అడుగుతా. నీ డ్రోనుకి లీకు కనపడ్డాక కబురు ఎవరికి పోద్ది?

అమ్మాయి: కంట్రోల్ రూమ్‌కి. అక్కడ లైనుని గమనించే స్కాడా కంప్యూటర్లలో ప్రెషర్ ఎలా ఉందో చూసి, లైను ఇన్‌ఛార్జికి చెబుతారు.

పెదనాన్న: ఆ ఊరి సర్పంచికి?

అమ్మాయి: ఇప్పటికైతే వెళ్లదు. వెంటనే పంపకపోవడానికి కారణం ఉంది పెదనాన్నా. ఆ మీథేన్ మడిలోదో గొట్టంలోదో తేలకుండా ఊరికి ఫోన్ చేస్తే జనం పరుగులు తీస్తారు. రెండుసార్లు ఉత్తిదైతే మూడోసారి ఎవరూ కదలరు.

పెదనాన్న: కోనసీమ జనం సంగతి నాకు చెప్పకు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలింది. అరవై అయిదు రోజులు మండింది. రాత్రిపూట ఎక్కడెక్కడి ఊళ్లకో వెలుతురు కనపడేది. అన్నాళ్లు ఆ మంట చూసినవాళ్లు ఉత్తుత్తి కబురుకి విసుక్కుంటారా? ముందుగా చెప్పి, తర్వాత కాదని తేలితే ఇంటికొచ్చి పడుకుంటారు. చెప్పకపోతేనే నిద్రలో పోతారు. పొయ్యి వెలిగించకండి, కరెంటు స్విచ్చి ముట్టుకోకండి, గాలికి ఎదురుగా నడవండి అని చెప్పడానికి అరనిమిషం చాలు. దానికి ఈథేన్ రావాలా?

అమ్మాయి: అయితే కబురు రెండు దశల్లో పంపాలి. మొదటిది అనుమానం ఉందని, చూడటానికి మనిషి బయల్దేరాడని. రెండోది తేలాక. రెండూ ఊరికీ, మండలం ఆఫీసుకీ, అగ్నిమాపక కేంద్రానికీ ఒకేసారి వెళ్లాలి. కొలతలు నెలకోసారి పంచాయతీ గోడ మీద అంటించాలి, సున్నా వచ్చినా సరే. ఇది కంపెనీ ఇష్టానికి వదిలితే జరగదు. పెట్రోలియం, సహజవాయువుల నియంత్రణ మండలి పీఎన్‌జీఆర్‌బీ రూలులోకి రావాలి.

పెదనాన్న: నడిచేవాడి పేరు కూడా ఆ రూల్లో రాయించు. ఇన్ని కిలోమీటర్లకి ఇంతమంది, కాంట్రాక్టు మారినా మనుషులు మారకూడదని. బుడగ గుర్తుపట్టడం ఒక్క వానాకాలంలో వచ్చే విద్య కాదు.

అమ్మాయి: అంతమంది జీతం లెక్క చూస్తే డ్రోన్ ఎందుకని అడుగుతారు.

పెదనాన్న: అడగనీ. నగరంలో పోయినవాళ్ల పేర్లు చదివి, అప్పుడు అడగమను.

అమ్మాయి: నేను ఆ మాట అనలేను పెదనాన్నా, ఎదురుగా కూర్చునేది ఇంజినీర్లు. వాళ్లకి ఖర్చు లెక్కే చెప్పాలి. లైను ఆగితే రోజుకి ఎంత నష్టం, ఒక పిగ్ పరుగుకి ఎంత, మనిషికి ఎంత, అలా. మీరు బుడగల సంగతి నాకు వివరంగా చెప్పండి, ఏ నెలలో ఏ నేలలో ఎలా కనపడుతుందో. మా డేటాలో మడి మీథేన్‌నీ లీకుల్నీ విడదీయడానికి అది కావాలి.

పెదనాన్న: చెప్తా. కానీ ఇక్కడ కూర్చుని చెప్తే రాదు. సార్వా నాట్లప్పుడు తాటిపాక రావాలి నువ్వు, చెప్పుల్లేకుండా.